వారానికి 336 అరగంటలు

ప్రశ్న:

అక్కా, మాది ప్రొద్దుటూరు. నాకు 27 ఏళ్ళు. యోగి వేమన యూనివర్సిటీలో జర్నలిజం పీజీ అయినాక నాలుగేళ్ళుగా మా ఊరి లోకల్ కేబుల్ చానల్‌లోనే చేస్తున్నా. వార్తలు చదువుతా, ఎడిటింగ్ చేస్తా, బంగారు అంగళ్ళకు పోయి యాడ్స్ అడుగుతా, ఏ టైముకు ఏది వేయాలో కూడా నేనే చూసుకుంటా. ఇప్పుడు హైదరాబాద్ నుంచి రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి, ఒక ఎంటర్‌టైన్‌మెంట్ చానల్‌లో సీరియల్‌కు అసిస్టెంట్ ఈపీ (ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్), నెలకు 28 వేలు. రెండోది వేరే చానల్‌లో షెడ్యూలింగ్ ఎగ్జిక్యూటివ్, 24 వేలు. ఎప్పటికైనా ఒక చానల్‌ను నడిపే స్థాయికి పోవాలని నా కోరిక. ఎవరికి చెప్పినా నవ్వుతారని మీకే రాస్తున్నా. మా నాయన గ్రూప్స్‌కు చదువుకోమంటాడు, టీవీ ఉద్యోగమంటే రాత్రిళ్ళు తిరగడమే అంటాడు. ఇంటర్వ్యూలో ఒకాయన నా మాట విని "సీమ నుంచా" అని నవ్వినాడు. నేను ఏది తీసుకోవాలి? మన ఊళ్ళ నుంచి పోయినోళ్ళు అంత దూరం పోతారా?

సమాధానం:

చెల్లీ,

నేను నవ్వలేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి "ఏ టైముకు ఏది వేయాలో కూడా నేనే చూసుకుంటా" అన్న దగ్గర ఆగిపోయాను. మిగతా పనులన్నీ ముందు రాసి దీన్ని చివర్లో పడేశావు, అదేదో చిల్లర పని అన్నట్టు. నీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. షెడ్యూలింగ్ ఉద్యోగం తీసుకో. నాలుగు వేలు తక్కువైనా అదే తీసుకో. ఎందుకంటున్నానో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నాది అనంతపురం. పందొమ్మిదేళ్ళు హైదరాబాద్‌లో, రెండు చానళ్ళలో, ప్రోగ్రామింగ్ వైపే, అంటే ఏ కార్యక్రమాలు రావాలో చూసేవాళ్ళ వైపే పని చేశాను. మొదటి ఆరేళ్ళు ఈపీగానే, అంటే నీకొచ్చిన మొదటి ఆఫర్ దారిలోనే. అమ్మకు బాగలేక మూడేళ్ళ కిందట ఇంటికి వచ్చేశాను. ఆ ఆరేళ్ళూ నాకు తెలియనిదేమిటో ఏడో ఏట షెడ్యూలింగ్‌లో కూర్చున్నాక గానీ అర్థం కాలేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఈపీ పని తక్కువదని కాదు. చానల్‌కూ, సీరియల్ తీసే ప్రొడక్షన్ హౌస్‌కూ మధ్య నిలబడే మనిషి ఈపీ. రైటర్ చెప్పే నరేషన్ వినాలి, వచ్చే రెండు వారాల ట్రాక్ ఏమిటో పైవాళ్ళకు ఒప్పించాలి, హీరోయిన్ డేట్లు కుదరకపోతే ఆమె లేకుండా నాలుగు ఎపిసోడ్లు ఎలా నడపాలో ఆలోచించాలి, ఎడిట్ అయిన ఎపిసోడ్ చూసి ఇక్కడ కట్ చెయ్, ఇక్కడ రీరికార్డింగ్ పెంచు అని చెప్పాలి, ఇదంతా అయ్యేసరికి చేతిలో ఉన్న ఎపిసోడ్ల బ్యాంక్ మూడుకు పడిపోయిందంటే ఆ వారం నిద్ర ఉండదు. కథ అంటే ప్రాణం పెట్టేవాళ్ళకు ఇది మంచి పని, నాకూ చాలా ఇష్టంగానే ఉండేది. కానీ ఆరేళ్ళలో నాకు తెలిసిన ప్రపంచమల్లా నా సీరియల్ ఒక్కటే. నా సీరియల్‌కు ముందు ఏమొస్తుంది, తర్వాత ఏమొస్తుంది, దాని మధ్యలో వచ్చే యాడ్ ఎంతకు అమ్ముతున్నారు అని ఎవరైనా అడిగితే నోట మాట వచ్చేది కాదు. పైగా చాలాచోట్ల అసిస్టెంట్ ఈపీలను కాంట్రాక్ట్ మీద తీసుకుంటారు, సీరియల్ ఆగితే వాళ్ళూ ఆగిపోతారు. నీ ఆఫర్ అలాంటిదో కాదో నాకు తెలియదు, అడిగి తెలుసుకో.

ఇప్పుడు షెడ్యూలింగ్ సంగతి. చానల్ ఆఫీసులో ఎఫ్‌పీసీ అని ఒక చార్ట్ ఉంటుంది, ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్. రోజుకు 48 అరగంటలు, వారానికి 336. ఏ అరగంటలో ఏం పోతుందో అందులో ఉంటుంది. చూడ్డానికి మన ఊరి స్కూల్లో గోడకు అంటించే టైమ్‌టేబుల్ లాగే ఉంటుంది. కానీ చానల్లో జరిగే ప్రతి గొడవా చివరికి ఆ చార్ట్ మీదకే వచ్చి తీరుతుంది. ప్రోగ్రామింగ్ వాళ్ళు కొత్త సీరియల్‌కు ఏడున్నర కావాలంటారు. సేల్స్ వాళ్ళు ఏడున్నరలో ఉన్న పాతదాన్ని కదిలించొద్దు, దాని మీద ఏడాది డీల్ ఉందంటారు. సినిమాలు కొనేవాళ్ళు ఫలానా సినిమా హక్కులు ఇంకో నాలుగు నెలల్లో అయిపోతాయి, ఒప్పందం ప్రకారం ఇంకా రెండుసార్లు వేసుకోవచ్చు, వేయకపోతే డబ్బు నీళ్ళలో పోసినట్టే అంటారు. లీగల్ వాళ్ళు వచ్చి ఆ సినిమాకు పెద్దలకు మాత్రమే అన్న "A" సర్టిఫికెట్ ఉంది, అలాగే వేయడానికి లేదు, కట్ చేసి మళ్ళీ సెన్సార్‌కు పంపి యూఏ తెచ్చుకోండి అంటారు. ఇవన్నీ విని ఆ గడుల్లో ఇరికించేది షెడ్యూలింగ్ డెస్క్. అక్కడ రెండేళ్ళు కూర్చుంటే చానల్‌లోని ప్రతి డిపార్ట్‌మెంట్‌కూ ఎక్కడ నొప్పి ఉందో తెలిసిపోతుంది. చానల్ హెడ్ తెల్లారి లేచి చేసే పని ఇదే, కాకపోతే ఆమె సంతకం కింద డబ్బు ఉంటుంది, నీ సంతకం కింద ఇంకా ఉండదు.

లెక్క ఎలా ఉంటుందో ఒక్కసారి చూపిస్తాను. కేబుల్ టీవీ రూల్స్ ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు, అందులో పది నిమిషాలు బయటివాళ్ళ యాడ్స్, రెండు నిమిషాలు చానల్ సొంత ప్రోమోలు. అరగంటకు అమ్ముకోగలిగేది ఐదు నిమిషాలు, అంటే పది సెకన్ల ముక్కలు 30. లెక్క కోసం అనుకుందాం, ఒక స్లాట్‌లో పది సెకన్లు ఐదు వేలకు పోతున్నాయి, ముప్పైకి ముప్పై అమ్ముడైతే లక్షా యాభై వేలు. ఆ ఎపిసోడ్ తీయడానికి లక్షా ఇరవై వేలు అయిందనుకో, మిగిలింది ముప్పై వేలు, అందులోనే ప్రోమోలు, హోర్డింగులు, ఆఫీసు జీతాలు. ఇప్పుడు రేటింగ్ పడిపోయి పది సెకన్లు మూడు వేలకు దిగితే ఆ అరగంట రోజూ నష్టమే. మధ్యాహ్నం రిపీట్ వేసి ఎంత రాబట్టుకోవచ్చో చూస్తారు. ఈ లెక్క నీకు కొత్తేం కాదు. దసరాకు అమ్మవారిశాల లైవ్ మధ్యలో బంగారు అంగడి యాడ్‌కు ఎంత అడగాలి, మామూలు మంగళవారం సాయంత్రం ఎంత అడగాలి అన్నది నాలుగేళ్ళుగా చేస్తున్నావు. ఈపీ ఆఫర్ తీసుకుంటే ఈ తెలివి అటకెక్కుతుంది, చానల్‌ను నడపాలనుకునేదానికి అది పెద్ద నష్టం.

ఇంకో తెలివి కూడా ఉంది నీ దగ్గర, దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

మా పెద్దమ్మ వాళ్ళది ధర్మవరం, మగ్గం ఇల్లు. సెలవుకు వచ్చినప్పుడల్లా అక్కడికి పోయేదాన్ని. సాయంత్రం పెద్దమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఉంటుంది, పక్క గదిలో మగ్గం చప్పుడు, టీవీ గూట్లో ఉంది, సౌండ్ బాగా పెంచి. నా సీరియల్ వస్తోంది. నేను టీవీ చూడకుండా పెద్దమ్మనే చూస్తూ కూర్చున్నాను. అరగంటలో ఆమె తలెత్తింది నాలుగుసార్లే. చేతిలో దారం, కళ్ళు దారం మీద, తెగితే ముడేసుకోవాలి కదా. మేము హైదరాబాద్‌లో మూడు గంటలు కొట్టుకుని ఓకే చేసిన ఒక సీన్ ఉంది, హీరోయిన్ మాటా పలుకూ లేకుండా అత్త ముఖంలోకి చూస్తుంది, కళ్ళతోనే అంతా చెప్పేస్తుంది. ఆ సీన్ వచ్చినప్పుడు పెద్దమ్మ "ఏమైందిమే, కరెంట్ పోయిందా, మాట్లాడ్తాల్యా ఎవురూ" అనింది. నాకు గుండెలో రాయి పడ్డట్టయింది. నా ప్రేక్షకురాలు చూడట్లేదు, వింటోంది. ఆ వారం హైదరాబాద్ పోయి రైటర్‌తో కూర్చుని ప్రతి సీన్ మొదటి మాటలోనే ఎవరి ఇంట్లో ఉన్నాం, ఎవరు మాట్లాడుతున్నారు అన్నది తెలిసేట్టు మార్పించాను. రెండు నెలలు పట్టింది గానీ ఆ సీరియల్ లేచింది. నా పందొమ్మిదేళ్ళలో నేను చేసిన మంచి పని ఏదంటే ఇదే చెప్తాను, ఇది నాకు ఏ రిపోర్టూ చెప్పలేదు, ధర్మవరంలో రాట్నం పక్కన కూర్చుంటే తెలిసింది.

నువ్వు ప్రొద్దుటూరులో నాలుగేళ్ళు అలాంటి ఇళ్ళ మధ్యనే ఉన్నావు. సాయంత్రం కొళాయి నీళ్ళు ఏ టైముకు వదుల్తారో, ఆ టైములో టీవీ ముందు ఎవరూ ఉండరనీ నీకు తెలుసు. శనక్కాయ పీకుళ్ళ రోజుల్లో పల్లెల్లో ఆడవాళ్ళు ఇంటికొచ్చి, స్నానం చేసి, సంగటి కెలికి, పిల్లలకు పెట్టేసరికి ఎనిమిది దాటుతుందని, ఆరున్నర సీరియల్ వాళ్ళకు దక్కదని నీకు ఒకరు చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏసీ రూములో కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు, వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు పెరిగింది అక్కడ. ఈ విషయాలు ఒక నోట్‌బుక్‌లో ఇప్పుడే రాసిపెట్టుకో. పోయినాక రెండేళ్ళకు నువ్వూ వాళ్ళలాగే మాట్లాడతావు, అది నాకూ జరిగింది.

గురువారం గురించి చెప్పాలి. నీకు బార్క్ పేరు తెలిసే ఉంటుంది, టీవీ రేటింగ్‌లు లెక్కగట్టే సంస్థ. దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు ఇళ్ళలో మీటర్లు పెట్టారు, ఏ ఇల్లో బయటికి చెప్పరు, ఇంట్లో ఎవరు చూస్తుంటే వాళ్ళు రిమోట్‌లో తమ బటన్ నొక్కాలి. శనివారం నుంచి శుక్రవారం దాకా ఒక వారం, దాని లెక్క తర్వాతి గురువారం వస్తుంది. మన రెండు రాష్ట్రాలనూ కలిపి ఒకే మార్కెట్‌గా చూస్తారు. గురువారం పొద్దున మా ఫ్లోర్‌లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఫైల్ ఓపెన్ అవుతుంది, ముందు చానల్ మొత్తం జీఆర్‌పీ, అంటే రేటింగ్‌లన్నీ కలిపిన అంకె, తర్వాత ఒక్కో స్లాట్. తగ్గిన స్లాట్ ఈపీ ముఖం చూడలేం. నిమిషం నిమిషం గ్రాఫ్ కూడా తీస్తారు, ఏ నిమిషంలో జనం వెళ్ళిపోయారో, అప్పుడు అవతలి చానల్‌లో ఏముందో. ఒక్కోసారి తప్పు కథలో ఉండదు, మన బ్రేకూ అవతలివాళ్ళ సీరియల్ మొదలూ ఒకే నిమిషంలో పడి ఉంటాయి. బ్రేక్‌ను రెండు నిమిషాలు ముందుకు జరిపితే సరిపోతుంది. ఇది షెడ్యూలింగ్ వాళ్ళ కంటికి కనిపించినంత తొందరగా ఇంకెవరికీ కనపడదు. అలా ఒకసారి నువ్వు పట్టుకుని చెప్పావంటే, మీటింగ్‌లో మూల కుర్చీలో కూర్చునే అమ్మాయి పేరు అందరికీ తెలుస్తుంది.

ఈ రేటింగ్‌ల మీద గొడవలు కూడా తక్కువేం కాదు. 2020 అక్టోబర్‌లో ముంబైలో మీటర్ల కుంభకోణం బయటపడి న్యూస్ చానళ్ళ రేటింగ్‌లు ఆపేశారు, మళ్ళీ 2022 మార్చిలో గానీ ఇవ్వలేదు. అందుకని ఒక్క వారం అంకె చూసి గంతులేయొద్దు, ఏడవొద్దు. నాలుగు వారాలు చూడు.

ఇప్పుడు చేదు సంగతి. నువ్వు చానల్ నడపాలంటున్నావు కాబట్టి ఇది దాచకూడదు. నేను షెడ్యూలింగ్ చూస్తున్నప్పుడు, చానల్ పేరు చెప్పను, ఎనిమిది గంటలకు మామూలుగా నడుస్తున్న ఒక సీరియల్‌ను ఆరున్నరకు మార్చమని సలహా ఇచ్చింది నేనే. ఎనిమిదికి పెద్ద సీరియల్ ఒకటి తెస్తున్నారు, చోటు కావాలి. చార్ట్ మీద చాలా బాగా కనిపించింది. ఇందాక శనక్కాయ గురించి చెప్పాను చూడు, అది నాకు అప్పటికే తెలుసు, తెలిసి కూడా ఆ రోజు గుర్తు చేసుకోలేదు. ఐదు వారాల్లో రేటింగ్ సగానికి పడింది. ఆపేద్దాం అన్నారు. ఎంత టైమ్ ఇద్దాం అని నేను అడిగితే వారం అన్నారు. ప్రొడ్యూసర్‌కు ఫోన్ చేయాల్సిన పని కూడా నాకే పడింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అమ్మా, లైట్‌బాయ్‌లకు నువ్వు చెప్తావా, నేను చెప్పాలా" అన్నాడు. ఆ యూనిట్‌లో రోజు కూలీకి చేసేవాళ్ళు నలభై మందికి పైనే. మేకప్ ఆమె ఒకామె ఆదోని నుంచి వచ్చింది, నన్ను అక్కా అని పిలిచేది, సెట్‌కు పోయినప్పుడల్లా నాకు ఉగ్గాని డబ్బాలో పెట్టి ఉంచేది. ఆమెకు ఆ నెల ఇంకో సీరియల్ దొరకలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదలదు. మార్చకముందు పల్లె లెక్క విడిగా తీసి చూసుంటే ఆరున్నరకు పనికిరాదని తెలిసేది, చూడలేదు, తప్పు నాది. వారం బదులు నెల ఇవ్వండి, కథ ముగించుకోనివ్వండి అని గట్టిగా కొట్లాడి ఉండాల్సింది, అదీ చేయలేదు. నువ్వు కోరుకుంటున్న కుర్చీలో ఇలాంటి ఫోన్లు ఏడాదికి నాలుగైదు ఉంటాయి. చేసేదానివి నువ్వే అయితే కనీసం ముందురోజు రాత్రి దాకా అంకెలన్నీ తిరగేసి చూసి చెయ్.

అంత దూరం పోతారా అని అడిగావు. పోతారు, కానీ దారి మారింది. 1995లో జెమిని, ఈటీవీ మొదలైనప్పుడు చానల్ ఎలా నడపాలో చదువుకుని వచ్చినవాళ్ళు లేరు. పేపర్ల నుంచి, సినిమాల నుంచి, దూరదర్శన్ నుంచి వచ్చి పని చేస్తూ నేర్చుకున్నారు. ఇప్పుడు ఈటీవీ హైదరాబాద్‌దే గానీ మిగతా పెద్ద వినోద చానళ్ళ పగ్గాలు బయట ఉన్నాయి. జీ వాళ్ళది ముంబై, సన్ వాళ్ళది చెన్నై, మా టీవీ 2015లో స్టార్ చేతికి పోయింది, ఆ స్టార్ 2024 నవంబర్‌లో రిలయన్స్‌తో కలిసింది. అందుకని ఒక తెలుగు చానల్ హెడ్ నెలకు ఒకసారైనా ముంబైలోనో చెన్నైలోనో కూర్చుని, తెలుగు రానివాళ్ళకు తెలుగు ప్రేక్షకుల గురించి ఇంగ్లీషులో, అంకెలతో చెప్పి డబ్బు తెచ్చుకోవాలి. ఆ కుర్చీల్లోకి సబ్బులు, షాంపూలు అమ్మే కంపెనీల నుంచి వచ్చినవాళ్ళూ, యాడ్ సేల్స్‌లో పెరిగినవాళ్ళూ ఎక్కువ, ఎందుకంటే వాళ్ళకు లాభనష్టాలు చదవడం వచ్చు. అయితే అది రాసిపెట్టిన రూలేం కాదు. ఉదయ్ శంకర్ బిహార్ నుంచి వచ్చిన విలేకరి, పత్రికలో మొదలుపెట్టి న్యూస్ చానళ్ళు నడిపి 2007లో స్టార్ ఇండియాకే సీఈఓ అయ్యాడు. అందరూ ఉదయ్ శంకర్లు కారు, కానీ వార్తల నుంచి వచ్చినవాళ్ళకు తలుపు మూసేసి ఉందన్నది నిజం కాదు.

అందుకని నీకు నా లెక్క ఇది. షెడ్యూలింగ్‌లో రెండు మూడేళ్ళు. ఆ తర్వాత అడిగి మరీ ఏడాదో రెండేళ్ళో యాడ్ సేల్స్‌కు పో. ప్రోగ్రామింగ్ వాళ్ళు సేల్స్‌కు పోవడానికి నామోషీ పడతారు, నేనూ పడ్డాను, అందుకే ప్రోగ్రామింగ్ హెడ్ కింద రెండో మనిషిగా ఆగిపోయాను. చానల్ మొత్తం లాభనష్టాలు చూసే బిజినెస్ హెడ్ పోస్ట్ ఒకటి ఖాళీ అయినప్పుడు నన్ను పిలిచి అడిగిన మొదటి ప్రశ్న, నువ్వు ఎప్పుడైనా రెవెన్యూ టార్గెట్ మోశావా అని. లేదన్నాను. మాట అక్కడితో అయిపోయింది. నువ్వు అంగళ్ళ గడపలు ఎక్కి యాడ్స్ అడిగినదానివి, నీకు ఆ సిగ్గు ఎప్పుడో పోయుంటుంది. సేల్స్ తర్వాత మళ్ళీ ప్రోగ్రామింగ్‌కు రా, అప్పుడు ఈపీలు చెప్పే కథ విను, నీకు నచ్చిన కథకు ఏ స్లాట్ ఇవ్వాలో, ఎంత ఖర్చు పెట్టొచ్చో రెండూ తెలిసి ఉంటాయి. డిస్ట్రిబ్యూషన్, అంటే చానల్‌ను ఇళ్ళకు చేర్చే పని, నీకు సగం వచ్చు, ఎంఎస్ఓ (లోకల్ ఆపరేటర్లకు చానళ్ళు అందించే పెద్ద కేబుల్ కంపెనీ) ఎవరు, లోకల్ ఆపరేటర్ ఎవరు, ప్యాకేజీలో పెట్టే చానల్ ధర 19 రూపాయలు ఎందుకు దాటదు అన్నవి కేబుల్ ఆఫీసులో ఉన్నదానికి చెప్పక్కర్లేదు.

ఒకటి మాత్రం ఈ రోజు నుంచే మొదలుపెట్టు. ఎక్సెల్ బాగా నేర్చుకో, పివట్ టేబుల్ దాకా. ఇంగ్లీషులో ఒక పేజీ నోట్ తప్పుల్లేకుండా రాయడం నేర్చుకో. గొప్ప ఇంగ్లీష్ అక్కర్లేదు. "ఈ స్లాట్ ఎందుకు పడింది, ఏం చేద్దాం, ఎంతవుతుంది", ఈ మూడూ ఒక పేజీలో రావాలి.

టీవీ పని అయిపోయింది, అందరూ ఫోన్లో చూస్తున్నారు అని నీతో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఫోన్లో చూస్తున్నవాటిలో ఇవే సీరియళ్ళూ ఉన్నాయి, కొన్ని యాప్‌లో టీవీ కంటే ముందే వస్తున్నాయి. ఏది ముందు వేయాలి, ఎప్పుడు వేయాలి అన్న పని అక్కడా ఉంది. నువ్వు నేర్చుకునేది వృథా పోదు.

ఇక యాస. ఆ నవ్విన పెద్దమనిషి మీద నాకు కోపం వస్తోంది, నీ కోసం కాదు, నా పాత రోజుల కోసం. నేను చేరిన కొత్తలో మీటింగ్‌లో "ఈ ప్రోమో బాగుండాది" అన్నాను. ఒకాయన పగలబడి నవ్వి, ఆ తర్వాత నెల రోజులు నేను కనిపిస్తే చాలు "ఉండాదా" అనేవాడు. నేను నోరు మూసుకోవడం నేర్చుకున్నాను, అది నేను చేసిన పెద్ద పొరపాటు. ఏడాది పాటు నాకు తెలిసినవి కూడా చెప్పలేదు. సినిమాల్లో, సీరియళ్ళలో మన మాటను వేటకొడవలి పట్టుకున్నోడి నోట్లోనే పెట్టారు ఇన్నేళ్ళూ, అందుకే వాళ్ళకు నవ్వొస్తుంది. రాత పనిలో, ఈమెయిల్‌లో అందరికీ అలవాటైన తెలుగు, ఇంగ్లీష్ రాయి. మీటింగ్‌లో నీకు వచ్చినట్టు మాట్లాడు, నువ్వు తెరమీద యాంకర్‌వి కావు. పాత నాలుగు జిల్లాల సీమ జనం ఈ చానళ్ళన్నీ చూస్తున్నారు, వాళ్ళింట్లో మాట ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఆ గదిలో నువ్వొక్కదానివే ఉండొచ్చు. కడప అమ్మాయి పాత్ర ఒకటి వచ్చినప్పుడు డైలాగ్ తప్పుగా రాస్తే ఇది ఇలా అనరు అని చెప్పు. అది నీ ఉద్యోగంలో భాగమే.

మీ నాయన విషయం. ఆయన భయం అర్థం లేనిది కాదు, చెల్లీ, దాన్ని కొట్టిపారేయొద్దు. గ్రూప్స్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో, పడినాక కోర్టు కేసులు ఎన్నేళ్ళు నడుస్తాయో ఆయనకూ తెలుసు, కానీ కూతురు కళ్ళ ముందు ఉంటుందన్న ధైర్యం ఉంటుంది. ఆయనతో వాదన పెట్టుకోకు. ఆయన అడిగేవాటికి కాగితం మీద జవాబులు తీసుకుపో. షెడ్యూలింగ్ ఎక్కువగా పగటి పని, రాత్రి షిఫ్టులు ఎంసీఆర్ (ప్రసారం బయటికి పంపే మాస్టర్ కంట్రోల్ రూమ్) వాళ్ళకు ఉంటాయి, అసిస్టెంట్ ఈపీ అయితే సెట్ ఎప్పుడు వదిలితే అప్పుడే ఇల్లు. ఆయనకు ఈ ఒక్క తేడా చెబితేనే సగం మెత్తబడతాడు. పండగ వారాల్లో, కొత్త సీరియల్ లాంచ్ అప్పుడు పొద్దుపోతుంది, అప్పుడు కంపెనీ క్యాబ్ ఇస్తుందా అని అడుగు. పది మంది, అంతకంటే ఎక్కువ పని చేసే ప్రతి ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులకు ఇంటర్నల్ కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తుంది, దానికి అధ్యక్షత మహిళే వహించాలి. ఆ కమిటీలో ఎవరున్నారో అడగడానికి మొహమాటపడకు, మంచి ఆఫీసయితే వెంటనే చెప్తారు, నీళ్ళు నమిలితే నీకు అక్కడే అర్థమవుతుంది. వీలైతే చేరే ముందురోజు నాయనను వెంటబెట్టుకుని పో, హాస్టల్ ఆయనే చూడనీ. మా నాయన నన్ను వదిలిపెట్టడానికి వచ్చి ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అతనితో గంట మాట్లాడి, అతనిది గుత్తి అని తెలుసుకుని, అప్పుడు నిశ్చింతగా బస్సెక్కాడు.

డబ్బు. 24 వేలు అంటే చేతికొచ్చేదా, సీటీసీనా, అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చా? నీ బేసిక్ జీతంలో 12 శాతం పీఎఫ్‌కు పోతుంది, కంపెనీ వాటా కూడా ఆ 24 వేలలోంచే చూపిస్తే నీ చేతికి ఇంకా తగ్గుతుంది. హాస్టల్, తిండి, బస్సు పోగా మొదటి ఏడాది ఇంటికి ఏమీ పంపలేవు, ముందే చెప్పేయ్ ఇంట్లో. వాళ్ళను 26 అడుగు. అడిగితే ఆఫర్ పోదు. నాలుగేళ్ళ అనుభవం ఉంది, ఒక చానల్‌లో యాడ్స్ నుంచి టెలికాస్ట్ దాకా అన్నీ చేశాను అని చెప్పు, అది గొప్పలు చెప్పుకోవడం కాదు, నిజం.

జీతం చానల్ నుంచా, మధ్యలో మ్యాన్‌పవర్ ఏజెన్సీ నుంచా అన్నది ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరుందో చూస్తే తెలుస్తుంది. నోటీస్ పీరియడ్ ఎంతో చూడు. కొన్నిచోట్ల కొత్తవాళ్ళ దగ్గర రెండేళ్ళ బాండ్ రాయించుకుంటారు, మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసుకుంటామంటారు. సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తీసుకో. బాండ్ గురించి ఏం రాశారో ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు, నేను చూసి చెప్పేదాకా సంతకం పెట్టకు.